చరణంలో జారుడు

హనుమకొండలోని ఆ కాలనీ కరోకే క్లబ్బులో స్టీలు సామాన్ల రమాకాంత్ ఎన్నడూ ప్రాక్టీసు చేసిన పాపాన పోలేదు. ఆయనకు తీరిక లేదు. మెడికల్ షాపు శేఖర్ పాటల్లో తప్పులు పట్టడానికే పొద్దంతా సరిపోయేది.

శేఖర్ పాట పాడి వాట్సాప్ గ్రూపులో పెడితే కింద చప్పట్ల బొమ్మలు వరుస కట్టేవి. రమాకాంత్ వాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టేవాడు. తనూ ఒక చప్పట్ల బొమ్మ పెట్టి, వెంటనే ఆ పాటను భార్య వినోదకు వినిపించేవాడు.

"చూడు, చరణంల ఎట్ల జారిండో. ఆఖర్ల ముక్కుతోని గుంజుతాండు."

"మంచిగనే ఉన్నది గదా."

"నీకు సమజ్ కాలె. మల్ల విను."

వినాయక చవితి మండపంలో ఈసారి ఒక్కటే సోలో పాట. కమిటీ మధు ఇద్దరినీ ఆదివారం పాడి చూపించమన్నాడు. ఆ మైకు శేఖర్‌కు పోతే రమాకాంత్‌కు ఏడాదంతా అన్నం సహించదు. అందుకని ఆ వారమంతా దుకాణంలో, బండి మీద, కంచం ముందు శేఖర్ పాటే విన్నాడు. తప్పులన్నీ కంఠతా వచ్చాయి.

ఆదివారం రమాకాంత్ కళ్లు మూసుకుని, ప్రాణం పెట్టి పాడాడు. చరణంలో జారాడు. చివర ముక్కుతో గుంజాడు.

మధు మురిసిపోయాడు. "అన్నా, అచ్చం శేఖరన్న లెక్కనే పాడినవ్."

శేఖర్ వచ్చి చేయి పట్టుకున్నాడు. "ఆ జారుడు పోవాలెనని నేను పాటల టీచర్ దగ్గరికి పోతాన రమాకాంతన్నా. నువ్వేమో మస్తు పట్టినవ్."

తర్వాత శేఖర్ పాడాడు. ఎక్కడా జారలేదు. సోలో ఆయనకే ఇచ్చారు.

ఇంటికి రాగానే వినోద అడిగింది. "ఏం తప్పులు చేసిండు ఇయ్యాల?"

రమాకాంత్ చాలాసేపు వెతుక్కున్నాడు. ఏమీ దొరకలేదు. చెప్పులు విప్పి, గొంతు తగ్గించి అన్నాడు.

"శేఖర్ భార్య యమున ఉన్నది గదా, ఆమెకు ఫోన్ చేసి ఆ టీచర్ నంబర్ అడుగు. నాకని చెప్పకు. పిల్లలకని చెప్పు."

"మన పిల్లగాడు బెంగుళూరుల నౌకరి చేస్తాండు."

"అయితే మనుమలకని చెప్పు."

"వానికి ఇంక లగ్గమే కాలె."

"ముందుగాల నంబరైతే తీస్కో," అన్నాడు రమాకాంత్.