ముండ పోగుకు మారుపేరు

మే ఇరవై ఏడు, సాయంత్రం ఆరు గంటలు. ఆలోపు తేలకపోతే ఏడో నంబరు మగ్గం కౌసల్యమ్మ చేయి దాటిపోతుంది.

గోడ గడియారంలో మూడున్నర అయింది. చేనేత సంఘం సెక్రటరీ మార్కండేయ మినిట్సు పుస్తకం తెరిచి ఆనాటి ఎజెండా మరోసారి చూసుకున్నాడు. ఒకటో అంశం, మగ్గాల దగ్గర వాడే చెడ్డమాటలు మార్చడం. రెండో అంశం, ఏడో నంబరు మగ్గం. గత రెండు మీటింగుల్లోనూ ఇదే వరుస. రెండుసార్లూ ఒకటో అంశమే తేలలేదు. రెండోది వాయిదా పడింది.

ఇక వాయిదాకు చోటు లేదు.

ఆ మగ్గం కౌసల్యమ్మ భర్త రామచంద్రయ్యది. నవంబరు ఇరవై ఏడున సగం చీర నేసి, నీళ్ళు తాగొస్తానని లేచి షెడ్డు గడప దగ్గర కూలిపోయాడు. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. సగం చీర మగ్గం మీదే ఉండిపోయింది. పోయినవాడి పడుగు ముట్టడానికి ఎవరికీ చేతులు రాలేదు.

సంఘం నిబంధనకు చావులూ పుట్టుకలూ పట్టవు. 'ఆరు నెలలపాటు నేత పడని మగ్గము వరుసలోని తదుపరి సభ్యునికి చెందును.' ఆ తదుపరి సభ్యుడు, కౌసల్యమ్మకు వరసకు మరిది అయ్యే కమిటీ మెంబరు వెంకటస్వామి బామ్మర్ది. రాజోలి నుంచి వచ్చి ఏడాదిగా కాచుకుని ఉన్నాడు.

మగ్గం తన పేరు మీదికి మార్చమని కౌసల్యమ్మ జనవరిలోనే అర్జీ పెట్టింది. పెళ్ళికి ముందు పుట్టింట్లో ఎనిమిదేళ్ళు నేసిన మనిషి. ఇప్పుడు షెడ్డు మూలన కూచుని కండెలు చుడుతోంది. ఆ పనితో ఇల్లు నడవదు. కమిటీ తీర్మానం లేకుండా మగ్గంలో కాలు పెట్టే హక్కు లేదు.

మార్చిలో పాలమూరు నుంచి ఒక ఆఫీసరమ్మ తనిఖీకి రావడంతో కథ అడ్డం తిరిగింది.

మగ్గం మీద దువ్వెనలా ఉండే అచ్చులో ఒక్కో సందులోంచి రెండేసి పోగులు నడుస్తాయి. జతలో ఒకటి తెగితే, మిగిలిన రెండోదాన్ని ఈ షెడ్డులో తాతలనాటి నుంచి 'ముండ పోగు' అంటారు. ఆ రోజు ఎవరో అలవాటుగా కేకేశారు. "ఓయ్, ముండ పోగు నడుస్తుంది, కండ్లు కనవడ్తలేవా!" సరిగ్గా అప్పుడే కండెల బుట్టతో కౌసల్యమ్మ అటు వచ్చింది. ఆఫీసరమ్మ ఆమెను చూసింది, ఆమె నుదురు చూసింది, పెన్ను తీసింది. వారం తిరక్కముందే నోటీసు వచ్చింది. ముండ పోగు, పువ్వు సరిగా తేలని గుడ్డి బుటా, ఓ పక్కకు ఒరిగిన కుంటి మగ్గం... ఇలాంటి మాటలన్నీ తీసేసి, మర్యాదైన మాటలు తీర్మానించి పంపాలి.

అప్పటి నుంచి మాటల మీదే మాటలు.

"గుడ్డి బుటాను మసక బుటా అందాం, కుంటి మగ్గాన్ని వాలు మగ్గం అందాం. అయిపాయె," అన్నాడు అధ్యక్షుడు రాజమౌళి. డెబ్బై ఏళ్ళవాడు. మధ్యాహ్నం అన్నం తింటే కళ్ళు మూసుకుపోతాయి. "ఇగ ఆ ముండ పోగు ఒక్కటి తేల్చుండ్రి."

"ఒంటి పోగు అనుకుందాం," అన్నాడొక మెంబరు.

వెంకటస్వామి లేచాడు. నలభై ఏళ్ళు, ఇస్త్రీ చొక్కా, మైకు లేకున్నా మైకు ముందు నిలబడ్డట్టే మాట్లాడతాడు. "ఒంటి పోగంటే సన్న నూలు గాదె? రేపు ఎవడన్న నూలు తెమ్మంటే జత తెగిన పోగు తెస్తడు. నాకు అభ్యంతరం."

"విధవ పోగు?"

"ముండకు పట్టుచీర గట్టినట్టుంది. మాట మారింది గని గాయం మారిందా? అభ్యంతరం."

"మరి శుభలేఖల మీద భర్త పోయినోళ్ళకు రాస్తరు గద, గంగాభాగీరథీ సమానురాలని. గట్ల పెడ్తే?"

"ఆ పేరు పూర్తయ్యేలోపల జానెడు నేత అయితది!" ఎవరో అరిచారు. షెడ్డంతా నవ్వు.

"నవ్వకుండ్రి!" వెంకటస్వామి బల్ల చరిచాడు. "ఆడమనిషి కన్నీళ్ళు నవ్వులాటనా? తొందరపడి ఏదో ఒక పేరు పెట్టి పంపితే అది మా వదినెకు రెండో అవమానం. ఎంత సేపైనా పట్టనీ, సక్కటి మాట దొరకాలె."

మార్కండేయ అన్నీ రాస్తున్నాడు. తోడులేని పోగు, అనాథ పోగు, సన్యాసి పోగు. ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావడం లేదు. నాలుగున్నర. రాసి రాసి వేళ్ళు తిమ్మిరెక్కాయి. విసుగ్గా పుస్తకం వెనక్కి తిప్పాడు.

తిప్పుతున్న చేయి ఆగింది.

మూడు మీటింగుల్లో పదకొండు పేర్లు వచ్చాయి. ప్రతి పేరు పక్కనా తన చేతిరాతతోనే ఉంది, 'అభ్యంతరం: శ్రీ వెంకటస్వామి'. పదకొండుసార్లు ఒకే మనిషి. నిన్న పొద్దున కూడా తన మగ్గం మీద కూచుని 'ముండ పోగు' అని రోడ్డు దాకా వినబడేలా అరిచిన మనిషి.

వీడికి పేరు దొరకడం అక్కర్లేదు. ఆరు కావడమే కావాలి.

మార్కండేయ కళ్ళద్దాలు తీశాడు. "అధ్యక్షా, ముందుగాల రెండో అంశం తీసుకుందాం. ఇయ్యాల్టితోటి గడువు దాటుతది."

"అదేంది మార్కండేయన్నా!" వెంకటస్వామి గుండె మీద చేయి వేసుకున్నాడు. "వదినె మర్యాద తేలకముందు వదినె మగ్గం సంగతా? మనిషి కంటే కట్టె ఎక్కువా?"

ఇద్దరు మెంబర్లు చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడుకు కళ్ళు తెరిచిన రాజమౌళి, "సరే సరే, వరుసగనే పోనీ," అని మళ్ళీ మూశాడు.

ఐదుంపావు.

గెలుపు ఖాయమని తెలిసిన మనిషికి ఉదారత ఎక్కువవుతుంది. వెంకటస్వామి మూల వైపు తిరిగాడు. "ఇంతమందిమి మనమే మాట్లాడుతున్నం. బాధపడ్డ మనిషిని అడిగినమా? వదినె, ఇటు రా. నువ్వు ఏ మాట జెప్తే అదే ఆఖరు."

రాట్నం ఆగింది. కౌసల్యమ్మ లేచి వచ్చింది. జుట్టులో నూలు దుమ్ము. ముఖంలో కోపం లేదు, బాధా లేదు. పొద్దుటి నుంచీ చుట్టి చుట్టి అలసిపోయిన ముఖం, అంతే.

"నేను జెప్పినదే ఆఖరా, మర్దీ?"

"జములమ్మ తోడు, అదే ఆఖరు."

"నోటితోని చెప్తే ఏం తెలుస్తది? మగ్గం మీద కూసున్నప్పుడు పోగు తెగితే నోటికి ఏ మాట సులువుగ వస్తదో గదే మాట. కూసుండి చూసి చెప్త." ఆమె కొంగు బిగించింది. "మీ మగ్గాలన్నీ పని మీదున్నయి. ఖాళీది ఒక్కటే ఉన్నది."

వెంకటస్వామి నవ్వాడు. "కూసో వదినె, కూసో. నాకేమన్న అభ్యంతరమా?"

"రాసుకో అన్నా," అంది ఆమె మార్కండేయతో.

అతను రాసుకున్నాడు. 'శ్రీ వెంకటస్వామి ప్రతిపాదనపై కమిటీ కౌసల్యమ్మను మగ్గం నం. 7 మీద కూర్చుండబెట్టుటకు అంగీకరించినది.' రాస్తూ ఉండగా అతని పెన్ను ఒక్క క్షణం ఆగింది. తలెత్తి ఆమెను చూశాడు. ఆమె అప్పటికే మగ్గం గుంటలోకి కాళ్ళు దించుతోంది.

మగ్గం మీది గుడ్డ తీస్తే దుమ్ము లేచింది. భర్త నేసిన సగం చీర. ఆమె అరచేత్తో ఒకసారి తుడిచింది. ఏడవలేదు.

"అంచు కుట్టుకు, అటు పక్క నాడె అందుకోను రెండో చెయ్యి గావాలె," అంది.

ఎవరూ కదల్లేదు. పోయినవాడి పడుగు. మార్కండేయ పుస్తకం బల్ల మీద పెట్టి, చొక్కా చేతులు మడిచి, ఆమె పక్కన గుంటలోకి దిగాడు. మగ్గం ముట్టి పదిహేనేళ్ళయింది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి.

నాడె అటు వెళ్ళింది, ఇటు వచ్చింది. ఆరు నెలల పాత గంజి, ఎండిన పోగులు. రెండు వేళ్ళ నేత పడిందో లేదో, ఒకటి పుటుక్కుమంది.

షెడ్డులో అందరూ మగ్గం వైపు వంగారు. ఏ మాట వస్తుంది?

"తెగింది," అంది కౌసల్యమ్మ. ముడివేసింది. మళ్ళీ నాడె విసిరింది.

"అదేంది వదినె, పేరు?"

"తెగినదానికి ముడెయ్యాలె మర్దీ. పేరు పెట్టుకుంట కూసుంటె చీరెప్పుడు దిగుతది?"

ఇంకో మూడుసార్లు తెగింది. మూడుసార్లూ అదే మాట, అదే ముడి. ఐదూ యాభైకి మార్కండేయ వేళ్ళు పెట్టి కొలిచాడు. నాలుగు వేళ్ళ నేత. చేయి చాచి బల్ల మీంచి ఇంకో పుస్తకం అందుకున్నాడు. అది మినిట్సు పుస్తకం కాదు, మగ్గాల రిజిస్టరు. గుంటలో కూచునే రాశాడు. '27-5-88. మగ్గం నం. 7. నేత, నాలుగు వేళ్ళు. నేసినవారు, కౌసల్యమ్మ.'

"అధ్యక్షా, సంతకం."

అప్పుడు పాలిపోయింది వెంకటస్వామి ముఖం. "ఆగు, ఆగు! ఇది పరీక్ష కోసం గద! ఇది నేతనా?"

"నిబంధనల్ల నేత పడాలె అని ఉంది. ఎందుకు పడిందో అడగమని లేదు," అన్నాడు మార్కండేయ. గొంతులో గెలుపు లేదు. అరిచే ఓపిక లేదు. "కూసోబెట్టింది నువ్వే. రాసి ఉంది."

"పేరు తేలలేదు! మాట మార్చినంకనే..."

"వెంకటస్వామీ," రాజమౌళి పూర్తిగా కళ్ళు తెరిచాడు. ఎప్పటి నుంచి మేలుకుని ఉన్నాడో ఎవరికీ తెలియదు. "నేసింది నేను సూసిన. పెన్ను ఇటియ్యి." సంతకం పెట్టాడు. "రెండు అంశాలూ వచ్చే నెలకు. మీటింగు అయిపాయె. చాయ్ ఉంటే తెప్పియ్యుండ్రి."

అంటే పేరు మారలేదు. మగ్గం ఆమె పేరు మీదికీ రాలేదు. పోలేదు, అంతే.

జనం చెదిరారు. వెంకటస్వామి మగ్గం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా చెమటకు వీపుకు అంటుకుంది. "ఆరు నెల్లే గద వదినె. నవంబరు రానే వస్తది."

"రానీ," అంది ఆమె తలెత్తకుండా. "దినాం నాలుగు వేళ్ళు నేస్త. ఎట్ల తీసుకుంటవో సూస్త."

అతను వెళ్ళిపోయాడు.

మార్కండేయ గుంట అంచు పట్టుకుని లేవబోయాడు. నడుము లేవనివ్వలేదు.

"అన్నా, రేపు ఏడింటికే తాళం తీస్తవా? ఎండ ముదరక ముందే పని జరుపుకుందం," అంది కౌసల్యమ్మ.

రెండో పక్క ఎవరు కూచుంటారని ఆమె అడగలేదు. అతనూ అడగలేదు.

"ఆరున్నరకే తీస్త," అని మళ్ళీ చతికిలబడి, తన వైపు నాడె అందుకున్నాడు.