మల్లెకు ఉంచిన చోటు

చిటికెడు మట్టి. నాలుక చివర.

ఉప్పు.

శ్రీదుర్గ ఉమ్మేసింది. కొంగుతో నాలుక తుడుచుకుంది. మళ్ళీ ఇంకో చిటికెడు... ఈసారి కుండీ అడుగునుంచి.

ఇదీ ఉప్పే.

నాగాయలంక దాటి, సముద్రానికి దగ్గరగా ఉన్న ఆ ఊళ్ళో ఆడవాళ్ళు మట్టిని ఇలాగే చూస్తారు. కొత్త బోరు వేసినా, కొత్త మొక్క పెట్టినా, ముందు నాలుక మీద వేసుకోవాల్సిందే. పక్కింటి చిట్టెమ్మ అత్త నేర్పింది. కాస్త ఆలస్యంగా నేర్పింది.

అప్పటికే రెండు మొక్కలు పోయాయి.

మూడు తెచ్చుకుంది శ్రీదుర్గ, పుట్టింటి నుంచి. జిల్లా శ్రీకాకుళం కాదు, కృష్ణ ఒడ్డున ఉన్న చిన్న ఊరు శ్రీకాకుళం ఆమెది. అమ్మ పెంచిన మల్లె అది. పోయినేడు ఎండల్లో అమ్మ పోయింది. వానల్లో అన్నయ్య ఇల్లు అమ్మేశాడు. తాళం ఇచ్చే రోజున శ్రీదుర్గ మూడు కొమ్మలు తుంచి, తడిగుడ్డలో చుట్టుకుని బస్సెక్కింది.

కొన్నవాళ్ళు మల్లెపొద తీసేసి మెట్లు కట్టుకున్నారు. మెట్లు కట్టుకోవడం తప్పేం కాదు. అయినా ఆ మెట్లంటే ఆమెకు ఇప్పటికీ కోపమే.

అమ్మ మల్లె ఇంకెక్కడా లేదు. ఈ మూడు కుండీల్లోనే ఉంది.

బాగా చూసుకుంది. మరీ బాగా చూసుకుంది — చిక్కంతా అక్కడే వచ్చింది.

అమ్మ చేపల్ని బూడిద రాసి తోమేది. కడిగిన నీళ్ళు ఒక్క చుక్క పారబోసేది కాదు. అన్నీ మల్లెకే. "మనం తిన్నరోజు అదీ తినాలి కదే" అనేది. ఆ పొద ఆకు కనపడకుండా పూసేది. శ్రీదుర్గా అదే చేసింది. మొగుడు రాంబాబు చేపల వేటనుంచి రావడం, ఆమె చేపలు కడగడం, ఆ నీళ్ళు కుండీల్లో పోయడం. రోజూ. ప్రేమగా.

అమ్మవి ఏటి చేపలు. మొగుడివి సముద్రపు చేపలు. బుట్టతోపాటు సముద్రం కూడా ఇంటికొస్తోందని ఆమెకు తోచలేదు.

ఆకుల అంచులు మాడాయి. ఎండకేమో అనుకుంది. ఇంకాస్త పోసింది.

రెండోది కూడా ఎండిపోయాక చిట్టెమ్మ అత్త వచ్చి, మట్టి నాలుక మీద వేసుకుని, మొహం చిట్లించింది.

"ఏమ్మాయ్, మల్లె పెంచుతున్నావా, ఊరగాయ పెడుతున్నావా?"

శ్రీదుర్గ నవ్వింది. లోపలికెళ్ళి ఏడ్చింది. అమ్మను తన చేత్తోనే రెండుసార్లు చంపుకున్నట్టు ఏడ్చింది.

మూడోదానికి మట్టి మార్చింది. చేపల నీళ్ళు మానేసింది. కానీ ఎండాకాలం వచ్చింది...

కాలవలకు నీళ్ళు ఆపేశారు. బోరు నీళ్ళు ఉప్పు. మంచినీళ్ళ ట్యాంకరు రెండు రోజులకోసారి వస్తుంది, ఇంటికి నాలుగు బిందెలు. అందులో పొద్దున ఒక గ్లాసు మల్లెకు. ఆ గ్లాసు తన వాటాలోదే. రాంబాబుకు తెలుసు. తాగుతూ తాగుతూ చెంబులో అడుగున కాసిని మిగిల్చి, గుమ్మం దిగేటప్పుడు, ఏదో చేయి జారినట్టు, కుండీలో ఒంపి పోతాడు.

గ్లాసుడు నీళ్ళు ఏ మూలకు? మిగతా తడంతా బోరుదే.

ఐదాకులు. నాలుగు.

ఒకరోజు మోహన్ మొక్కల ఆటో వచ్చింది. ఊరూరా తిరిగి అమ్ముతాడు. దిగి, కుండీ చూసి, తల అడ్డంగా ఊపాడు.

"మల్లె ఇక్కడొద్దక్కా. ఈ ఎండకీ ఈ నీళ్ళకీ ఆగేవి చెప్తా చూడండి. కాగితంపూలు... నీళ్ళు ఎక్కువైతే పూయనని మొండికేస్తుంది. బిళ్ళగన్నేరు... గోడ పగుల్లోనైనా బతుకుద్ది. కలబంద... మీరు మర్చిపోతేనే దానికి బాగుంటది."

"వాసనొస్తాయా?"

మోహన్ బుర్ర గోక్కున్నాడు.

"వాసనంటే... రాదక్కా."

మంచి మనిషి. అబద్ధం చెప్పి అమ్ముకోలేదు. ఆమే ఏదీ కొనలేదు.

ఆమెకు కావలసింది పచ్చదనం కాదు. సాయంత్రం అమ్మ పక్కన కూచుంటే, జడలోంచి వచ్చే ఆ వాసన కావాలి. ఒక్కసారైనా చాలు. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

మూడాకులు.

గుడివాడ నుంచి ఆడపడుచు గాయత్రి వచ్చింది, రెండు రోజులుందామని. వాళ్ళ కుళాయిలో తీపి నీళ్ళు. వాళ్ళ పెరడు నల్లమట్టి.

"వదినా, నాకిచ్చెయ్. నేను బతికిస్తా."

ఎంత తేలిగ్గా అనేసింది! శ్రీదుర్గకు ఒళ్ళు మండింది. కూర అడిగితే గిన్నెలో పెట్టిస్తుంది. ఇది కూర కాదు.

"చూద్దాంలే గాయత్రీ" అంది.

మర్నాడు పొద్దున గ్లాసు పట్టుకుని వెళ్ళేసరికి రెండాకులే ఉన్నాయి. మూడోది మట్టి మీద పడి ఉంది. అప్పుడే ఆ మట్టిని నోట్లో వేసుకుంది. పైదీ, అడుగుదీ.

రెండూ ఉప్పే.

తన దగ్గరుంటే చస్తుంది. బతకాలంటే తన దగ్గర ఉండకూడదు. ఇంకో దారి ఉందేమోనని కుండీ ముందు చాలాసేపు కూచుంది... లేదు.

బస్సులో గాయత్రి ఒళ్ళో మల్లెను పెట్టింది. కుండీ చుట్టూ తడిగుడ్డ కట్టింది — అమ్మ ఇంటినుంచి తెచ్చిన గుడ్డే.

"కిటికీ పక్కన కూచోకు, ఎండ. చేపలు కడిగిన నీళ్ళు మాత్రం పొయ్యకు."

"అలాగే వదినా."

"ఏటి చేపలైతే పొయ్యి."

బస్సు కదిలింది. దుమ్ము తగ్గేదాకా నిలబడింది శ్రీదుర్గ.

తర్వాత మోహన్ వచ్చినప్పుడు మూడూ కొంది. కాగితంపూలు, బిళ్ళగన్నేరు, కలబంద. బోరు నీళ్ళు పోసినా బతికాయి. మర్చిపోయినా బతికాయి. సిగ్గూ ఎగ్గూ లేకుండా విరగబూశాయి. చూసినవాళ్ళు బాగున్నాయన్నారు. బాగానే ఉన్నాయి పాపం. వాటి తప్పేముంది?

గుమ్మం పక్కన మాత్రం ఒక గొయ్యి తవ్వి ఖాళీగా వదిలేసింది.

"ఇందులో ఏం పెడతావ్?" అన్నాడు రాంబాబు.

"ఉండనీ."

అతను రెండు రోజులాగి, ఆ గొయ్యి నుంచి వీధి కాలవదాకా సన్నటి బోదె తీసి పెట్టాడు. వాన పడితే ఉప్పు కడుక్కుని పోవడానికి.

వానలు పడ్డాయి. ఒకటి... రెండు... పదో, పదిహేనో. గోతిలో నీళ్ళు నిండడం, బోదెలోంచి జారిపోవడం. ప్రతి వాన వెలిశాకా ఆమె వెళ్ళి రుచి చూసేది. ఉమ్మేసేది.

ఇవాళ మధ్యాహ్నం వాన వెలిసింది. గాయత్రి దగ్గరనుంచి ఫోటో వచ్చింది.

ఒక్క పువ్వు. తెల్లగా, ముద్దగా. అమ్మదే.

శ్రీదుర్గ ఫోను ముక్కు దగ్గర పెట్టుకుంది. వెంటనే ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసింది.

ఫోను మోగింది.

"చూశావా వదినా? కొత్త కొమ్మ కూడా వేసింది. తుంచి పంపనా? అక్కడ పెడతావా?"

శ్రీదుర్గ ఫోను చెవికి ఆనించుకునే గోతి దగ్గరకు నడిచింది. వంగింది.

చిటికెడు మట్టి. నాలుక చివర.

ఉప్పే... పోయినసారి అంత ఉందా? తగ్గిందా? తగ్గిందని తనకు అనిపిస్తోందా...

"వదినా... ఉన్నావా? పంపనా, వద్దా?"

ఈసారి శ్రీదుర్గ ఉమ్మేయలేదు.