గోపయ్య బిగించిన చెక్కనేల

జూలూరుపాడులో మేము కట్టుకున్న కొత్త ఇంటికి గోడలు తక్కువని ఊరంతా చెప్పుకున్నారు. నిజమే. పడుకోవడానికి రెండు గదులు పోగా, మిగిలినదంతా ఒకటే హాలు. కూర్చునే చోటు, భోజనాల బల్ల, నా పొయ్యి, అన్నీ ఒకదానికొకటి కనబడుతూ ఉంటాయి. అలా కావాలని పట్టుబట్టింది నేనే. పాతింట్లో వంటగది వెనకాల ఉండేది. ముందు వసారాలో అందరూ పకపకా నవ్వుతుంటే నేను పొగలో కళ్లు తుడుచుకుంటూ "ఏమన్నారు, ఏమన్నారు" అని కేకేసేదాన్ని. ఒక్కరూ పలికేవారు కాదు. తీరా అన్నాలప్పుడు చెబితే, చల్లారిన మాటకు రుచేముంటుంది?

మా అత్తయ్య భారతమ్మకు ఈ ఇల్లు బొత్తిగా నచ్చలేదు. "వంటిల్లు బజార్లో పెట్టుకుంటుందట మా కోడలు" అని వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేది. మా ఆయన చెంచురామయ్య వాళ్లమ్మకూ తలూపేవాడు, నాకూ తలూపేవాడు, ఆ పైన పత్తి చేను చూసొస్తానని జారుకునేవాడు. ఆ చేనుకు అంత కాపలా అక్కర్లేదని మా ఇద్దరికీ తెలుసు.

నేల దగ్గరికొచ్చేసరికి పేచీ ముదిరింది. పాతింటి అటకకు వేసిన టేకు పలకలు ఉన్నాయి. ఒక్కోటి జానెడున్నర వెడల్పు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలం కొన్న కొత్తలో మా మామగారు ఏరికోరి వేయించినవి. ఇల్లు పడగొట్టినప్పుడు వాటిని అమ్మనివ్వలేదు అత్తయ్య. నాపరాళ్లెందుకు, ఇవి హాల్లో నేలకు పరుద్దాం అన్నాను నేను. అత్తయ్య నన్ను ఎగాదిగా చూసింది.

"సరే, పరుచుకో. నేల నిలిచిందా, హాలు నీ ఇష్టం. పాడయ్యిందా, వంటింటికి గోడ కట్టిస్తాను. అప్పుడు నోరెత్తావంటే ఊరుకోను."

నేను ఒప్పుకున్నాను. నాకు రోషమెక్కువ, ఆలోచన తర్వాత వస్తుంది.

మా ఊరి వడ్రంగులకు తలుపులూ మంచాలూ తెలుసు గానీ నేలకు చెక్క పరచడం ఎవరూ ఎరగరు. మా ఆయన కొత్తగూడెం నుంచి గోపయ్యను తీసుకొచ్చాడు. అతను బొగ్గు బాయిలో టింబర్‌మన్. లోపల కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టి బిగించడం అతని పని. ఊపిరితిత్తులు దెబ్బతిని అన్‌ఫిట్ అయి ఇంట్లో కూర్చున్నాడు. ఖాళీగా ఉండలేక కనబడ్డ చెక్కనల్లా ముట్టుకుంటూ తిరిగే మనిషి. మా పలకలు చూడగానే వంగి ఒకదాని మీద వేలితో కొట్టి, చెవి ఆనించాడు. పసిపిల్లాడి గుండె విన్నట్టు విన్నాడు.

"బాయిల కట్టె మాట్లాడుతదమ్మా. కిర్రుమన్నదంటే ఆగేది లేదు, ఉరుకుడే. గా సప్పుడు ఇంగ నా చెవుల పడొద్దు. మీ ఇంట్ల అసలే పడొద్దు" అన్నాడు.

అన్నట్టే చేశాడు. కింద వాసాలు పరిచి, పలకలకు చిత్రిక పట్టి, ఒకదాని పక్కన ఒకటి మేకులతో దిగ్గొట్టాడు. రోజూ సాయంత్రం చెప్పుల్లేకుండా నేలంతా నడిచేవాడు. ఎక్కడన్నా చిన్న కిర్రు వినబడితే ఆ పలక ఊడదీసి మళ్లీ మొదలు. ముహూర్తం దగ్గరపడుతోందని మా ఆయన మొత్తుకున్నా వినలేదు. చివరికి గోడల పక్కన మిగిలిన సందుల్లో చెక్కముక్కలు పెట్టి సమ్మెటతో కొట్టాడు. "సందు ఇడిచినమంటే సచ్చినట్టే" అంటూ ఒక్కో దెబ్బా వేశాడు. నడి వేసవి, బయట ఎండ మండిపోతోంది. మా ఆయన పేకముక్క ఒకటి తెచ్చి గోడకూ పలకకూ మధ్య దూర్చబోతే దూరలేదు. అందరం చప్పట్లు కొట్టాం.

గృహప్రవేశం నాడు ఆవును లోపలికి తేవాలి కదా. నున్నటి చెక్క మీద గిట్టలు జారతాయని గోనెపట్టాలు పరిచాం. ఆవు పట్టాల మీద బుద్ధిగా నడిచి, సరిగ్గా పట్టా లేని చోట ఆగి పేడ వేసింది. శుభం అన్నారు పంతులుగారు. గోపయ్య మాత్రం కెవ్వుమని భుజం మీది తువ్వాలుతో పరుగెత్తుకొచ్చాడు.

ఆ తర్వాత నా సుఖం ఏమని చెప్పను! పోపు వేస్తూనే బల్ల దగ్గరి కబుర్లలో తలదూర్చేదాన్ని. వంకాయ తరుగుతూ ఎరువుల ధరల మీద తీర్పులిచ్చేదాన్ని. అత్తయ్య సణుగుతూనే ఉండేది. పోపు ఘాటని, మగవాళ్ల ఎదురుగా వంటేమిటని. సణుగుతూనే తన కత్తిపీట హాలు మధ్యకు జరుపుకుంది. శుక్రవారం వస్తే నాపరాళ్లు కడిగినట్టే చెక్కనేలనూ బిందెలతో కడిగేది. వద్దంటే "కడగని ఇంట్లోకి లక్ష్మి వస్తుందటే?" అని ఎదురు ప్రశ్న వేసేది.

వానలు పట్టుకున్నాయి. చెరువులు నిండాయి, దారులు తెగాయి, మా గోడలకు చెమ్మ ఎక్కింది. ఒకరోజు పొద్దున్నే కాఫీ కలుపుతుంటే తుపాకీ పేలినట్టు చప్పుడైంది. హాలు నడిమధ్యన నేల మూపురంలా పైకి లేచి ఉంది. రెండు పలకలు ఒకదాన్నొకటి తోసుకుని, అందులో ఒకటి నిలువునా చీలింది.

ఏడుపొచ్చింది. ఏడిస్తే ఓడినట్టని పళ్లు బిగబట్టాను. ఆ బిందెల నీళ్లే ఇంతపని చేశాయని నోటిదాకా వచ్చిన మాటను ఎలాగో మింగాను. అత్తయ్య కూడా ఆ మూపురం వైపు చూసి, తన చేతుల వైపు చూసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు వాన తెరిపిచ్చింది. మామగారి కాలం నుంచి మాకు పనిచేసే తాపీమేస్త్రి ముసలయ్య వచ్చాడు. అత్తయ్యే కబురు పెట్టిందట. అంతేకాదు, పాతింటి వంటగది తలుపు రెక్కలు రెండూ పశువుల కొట్టంలో దాచిందట, వాటిని మోయించి తెచ్చింది. ఒక్కో రెక్కా ఒంటి పలకే. నా పొయ్యికీ బల్లకూ మధ్యన ముసలయ్య దారం పట్టి గోడ గీత వేయసాగాడు. ఒప్పందం ఒప్పందమే. నేను పక్కన నిలబడి చూస్తూ ఉన్నాను.

అప్పుడే గోపయ్య దిగాడు. మా ఆయన బండి మీద వెళ్లి తీసుకొచ్చాడు. గోపయ్య ఆ మూపురం పక్కన చతికిలబడి, చీలిన పలక మీద చెయ్యి వేసి చూశాడు.

"నేను నీళ్లు పోశాను గోపయ్యా. శుక్రవారం శుక్రవారం" అంది అత్తయ్య. ఆవిడ తప్పొప్పుకోవడం నా కాపురంలో అదే మొదటిసారి.

"నీళ్లు పొయ్యకున్నా ఈ వానలకు లేచేదే పెద్దమ్మా. తప్పు నాదే. బాయిల పైనుంచి బరువొస్తది, బిగిస్తెనే పానాలు నిలుస్తయ్. ఈడ కట్టె ఎండకు గుంజుకుంటది, వానకు ఉబ్బుతది. కదలనీకి జాగ ఇయ్యాలె. నేను గోడదాంక బిగిస్తి. ఏడికి పోతదది, మీదికే లేచింది." అని కండువాతో మొహం తుడుచుకున్నాడు. "గోడల పక్కపొంటి వేలెడు సందు ఇడిసి, మీద సన్న బీడింగు పట్టీ కొడితే కనవడదు. మల్ల పరుస్త. గని ఈ చీలింది పనికిరాదు. గింత ఎడల్పు టేకు ఇప్పుడు అడవిల గూడ లేదు."

అత్తయ్య తలుపు రెక్క మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది.

"ముసలయ్యా, దారం చుట్టెయ్" అంది. "గోపయ్యా, ఇది సరిపోతుందేమో చూడు."

"అత్తయ్యా, అది మీ తలుపు..."

"నాదే. దీని వెనకాలే కదే నా కాపురమంతా వండాను. మీ మామగారు నవ్వితే వీధి చివరికి వినబడేదనేవారు. నేనూ విన్నాను, లోపల్నుంచి. బయటికొచ్చేసరికి నవ్వు అయిపోయేది." ఆవిడ తన కత్తిపీట వైపు చూసింది. "మొన్న చెంచురాముడు అన్నం తింటూ పొలమారేలా నవ్వాడు చూడు, నేను ఇక్కడే కూర్చుని కళ్లారా చూశాను. వాడిది అచ్చం వాళ్ల నాన్న నవ్వేనని అందరూ అంటారు. నాకేం తెలుసు? ముసలయ్యా, నువ్వెరుగుదువుగా ఆయన్ని. అలాగే ఉండేదా?"

ముసలయ్య దారం చుట్టడం ఆపాడు. "అవ్ పెద్దమ్మా. గట్లనే. నవ్వితే కండ్లు రెండూ మూసుకపోయేటియి."

మా ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. నేను ఏడ్చేశాను, ఓడినా సరేననుకున్నాను. అత్తయ్య మాత్రం కొడుకు మొహాన్నే చూస్తూ తలుపు మీంచి చెయ్యి తీసింది.

"కొయ్యి గోపయ్యా" అంది.