గోడ మీద మా వేళ్లు

సున్నపు గుంటను పూడ్చడానికి రాళ్లూ మట్టీ నింపుకుని లారీ వచ్చేసరికి పెద్దమేస్త్రి గుంటలోకి దిగి నిలబడ్డాడు. డెబ్భై ఏళ్ల మనిషి. మోకాళ్ల దాకా తెల్లటి సున్నం. గట్టు మీద నలభై ఇళ్లవాళ్లు నిలబడి చూస్తున్నారు. అందరికంటే ముందున్నది ఆయన కోడలు. కొడుకు పరంజా మీంచి పడి చనిపోయాక ఆయన ఆమె చేతికి తాపీ ఇచ్చి పని నేర్పాడు. ఆడదానికి తాపీ ఏమిటని వెక్కిరింతగా మగవాళ్లు ఆమెకు చిన్నమేస్త్రి అని పేరు పెట్టారు. ఆమె పని చూశాక వెక్కిరింత పోయింది, పేరు మిగిలింది.

ఆ గుంటలోది నిన్నగాక మొన్న కలిపిన సున్నం కాదు. కాల్చిన రాయిని నీళ్లలో వేసి రెండేళ్లుగా మాగబెడుతున్నారు. పైన నీళ్లు ఆరిపోతే పనికిరాదు కాబట్టి ఇంటికొకరు వంతులవారీగా బిందెలతో పోస్తూ వచ్చారు. ఊరి చుట్టూ ఉన్న పాత కోటగోడకు ఆ సున్నంతో చేసిన గచ్చు తప్ప ఇంకేదీ పట్టదు. గోడ కట్టించిన రాజెవరో ఈ నలభై ఇళ్లకూ తెలియదు, తెలుసుకోవాలన్న తహతహ కూడా లేదు. ఇన్నేళ్లుగా దాన్ని పడిపోకుండా నిలబెడుతున్నది ఎవరో మాత్రం బాగా తెలుసు.

ఆ ఏడాది గోడ బాగు కోసం సర్కారు పెద్ద పథకం పెట్టింది. ప్రజల భాగస్వామ్యంతో ప్రాచీన సంపద పరిరక్షణ అని రాసి గోడ పక్కన బోర్డు పాతారు. ఆ ప్రజలు మీరేనని నలభై ఇళ్లవాళ్లకు చెప్పి, ఒక కాగితం మీద అందరి వేలిముద్రలూ తీసుకున్నారు. అందులో ఏముందో చదివి చెప్పిన నాథుడు లేడు. వారం తిరక్కుండా కాంట్రాక్టరు సిమెంటు బస్తాలతో దిగాడు. సున్నంతో అయితే ఏడాది పడుతుందట, సిమెంటుతో అయితే మూడు నెలల్లో మంత్రిగారి చేత రిబ్బను కత్తిరింపించవచ్చునట. మంత్రిగారు కూర్చునే వేదిక సున్నపు గుంట ఉన్నచోటే రావాలట.

పెద్దమేస్త్రి అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. పనివాడు పనివాడికి చెప్పినట్టు గుంటలోంచే కాంట్రాక్టరుకు చెప్పాడు.

"సిమెంటు ఈ గోడకు ఊపిరాడనివ్వదయ్యా. లోపలికి దిగిన నీళ్లు బయటికి రావాలంటే పైన సున్నమే ఉండాలి. మూసేశావంటే కడుపుబ్బి చస్తుంది. చస్తూ మనుషుల్ని తీసుకుపోతుంది."

పురావస్తు శాఖ ఆఫీసరు, కళ్లజోడు మనిషి, గట్టు మీదే ఉన్నాడు. ముసలాయన చెప్పిన మాట ఆయన చదువుకున్న పుస్తకాల్లో ఉన్నదే. అయినా నోరు విప్పకుండా చేతి గడియారం చూసుకున్నాడు. గుంటలో మనిషి ఉన్నాడని లారీ డ్రైవరు తొట్టి ఎత్తే మీట మీంచి చెయ్యి తీసేశాడు. కాంట్రాక్టరు అతణ్ణి కాలరు పట్టుకుని కిందికి లాగి, తానే ఎక్కి మీట లాగాడు.

రాళ్లు ముసలాయన మీద పడలేదు, ఆయన ముందు పడ్డాయి. గుంటలో సున్నం ఎగిసి మొహాన కొట్టింది. చిన్నమేస్త్రి దూకి పట్టుకునేసరికి ఆయన రెండు కళ్లలోనూ సున్నపు ముద్దలే. ఆఫీసరు రుమాలు తీసి తన బూటు మీద పడ్డ చుక్క తుడుచుకున్నాడు. ఆసుపత్రికి తీసుకుపోవడానికి లారీ అడిగితే, దానికింకా రెండు ట్రిప్పులున్నాయన్నాడు కాంట్రాక్టరు. ముసలాయన్ని ఇసుక మోసే తోపుడుబండిలో పడుకోబెట్టి తోసుకుపోయారు. నాలుగో రోజు డాక్టరు కట్లు విప్పి ఇక చూపు రాదని చెప్పాడు. అప్పటికి గుంట పూడ్చి నేల చదును చేసేశారు.

ఆయన్ని ఇంటికి తెచ్చిన సాయంత్రం ఇంటి ముందు అందరూ కూడారు. గోడ బొమ్మలు గీసుకోవడానికి రెండేళ్లుగా వస్తున్న కాలేజీ అమ్మాయి, వాళ్లు వేలిముద్రలు వేసిన కాగితానికి నకలు సంపాదించి తెచ్చింది. నిలబడి గట్టిగా చదివింది. పని ఎలా జరగాలో కాంట్రాక్టరు చెబుతాడు. పని చెడితే బాధ్యత మాత్రం భాగస్వాములది. విన్నవాళ్లలో కొందరు నవ్వారు. ఈ పనికి పోకండి, ఒక్కరూ పోకండి అంది అమ్మాయి.

అప్పుడు లేచాడు పెద్దమేస్త్రి అల్లుడు. మనిషి మంచివాడే, నోరు కాస్త దురుసు.

"నువ్వు బొమ్మలు గీసుకుని ఇంటికి పోతే మీ అమ్మ అన్నం పెడుతుంది. మాకెవరు పెడతారమ్మా? మేం మానేస్తే బయటినుంచి కూలీలు దిగుతారు. గోడా పోతుంది, కూడూ పోతుంది."

అల్లుడి భార్య, అంటే చిన్నమేస్త్రికి ఆడపడుచు, నాన్న కళ్లు పోగొట్టినవాడి దగ్గర కూలి చేయడానికి సిగ్గులేదా అని మొగుణ్ణి నిలదీసింది. సిగ్గు ఉంది, బియ్యం లేవు అన్నాడతను. చాలాసేపు కీచులాడుకున్నారు. చివరికి ఎవరూ ఏమీ తేల్చకుండానే లేచి వెళ్లారు, అలా వెళ్లడమంటే పనికి పోవడమేనని అందరికీ తెలుసు. మామ మందులు చిన్నమేస్త్రే కొనాలి. మర్నాడు ఆమే అందరికంటే ముందు పరంజా ఎక్కింది. ఈ మాట దాచి కథ చెప్పడం నాకు చేతకాదు.

ఆ నలభై ఇళ్లకూ ఒక పద్ధతి ఉంది. సాయంత్రం తాపీ దించేముందు, ఆ రోజు గచ్చు వేసిన మనిషి తన వంతు అడుగున తడి మీద బొటనవేలు నొక్కి గుర్తు పెడతాడు. ఈ పనికి పూచీ నాదని అర్థం. వానకు ఆ ముక్క పగిలితే ఆ వేలి మనిషే వచ్చి కూలి లేకుండా మళ్లీ వేస్తాడు. మనిషి పోతే కొడుకు వేస్తాడు. గోడ పొడుగునా అలాంటి వేళ్లు వందలు. అక్కడి పిల్లలు తాతల వేలిగుంటల్లో తమ వేళ్లు పెట్టి ఎంత పెరిగారో చూసుకుంటారు. చిన్నమేస్త్రి వేలిని కళ్లు మూసుకుని తడిమినా పోల్చవచ్చు, ఉలి తగిలి దాని మీద అడ్డంగా గాటు పడింది.

సిమెంటు వేసిన మొదటి సాయంత్రం ఆమె తాపీ కడిగింది, చెయ్యి చాచింది, నొక్కింది. అలవాటు, అంతే. నొక్కాక తెలిసింది ఏం చేసిందో. ఈలోగా ఆమెను చూసి మిగతావాళ్లూ నొక్కేశారు. కాంట్రాక్టరు దగ్గరికొచ్చి ఆ వేళ్లు చూశాడు. ఇదేమిటని అడిగి తెలుసుకున్నాడు. భలే పద్ధతి, రోజూ ఇలాగే పెట్టండి అన్నాడు.

సంగతి విని గుడ్డి మామ అన్నం కంచం పక్కకు నెట్టేశాడు.

"వాడి తప్పుకు మీరు పూచీ పడ్డారే. రేపు అది పడిందంటే, వాడి వేలు అక్కడ ఉండదు."

మూడు నెలలు నిండబోతుండగా వానలు పట్టుకున్నాయి. ఐదు రోజులు విడవకుండా కురిశాయి. ఆరో రోజున చిన్నమేస్త్రి తూర్పువైపు గోడ మీద అరచెయ్యి ఆనించి చూసింది. నిండు గర్భిణి పొట్టలా ముందుకొచ్చి ఉంది. తాపీ పిడితో కొడితే బోలుగా మోగింది. పరుగున పోయి కాంట్రాక్టరుకు చెప్పింది, కింద తాడు కట్టి మనుషుల్ని రానివ్వొద్దని బతిమాలింది. మర్నాడే మంత్రిగారు వస్తున్నారు. పైన రంగు కొట్టండి, కనపడదన్నాడు కాంట్రాక్టరు. ఆఫీసరు దగ్గరికి పోతే, రాతపూర్వకంగా ఇమ్మన్నాడు. రాయడం ఆమెకు రాదు.

అప్పుడైనా ఆమె గోడ దగ్గరే ఉండిపోవలసింది. కాలేజీ అమ్మాయి చేత రాయిద్దామని పరుగెత్తింది. ఈలోగా మంత్రిగారి దారి శుభ్రంగా ఉండాలని కాంట్రాక్టరు ఆడవాళ్లకు చీపుళ్లిచ్చి గోడ కిందికి తోలాడు. చప్పుడు విని ఆమె వెనక్కి వచ్చేసరికి తూర్పు గోడ లేదు. దాని కింద ముగ్గురున్నారు. ఒకరు ఆమె ఆడపడుచు. చీపురు బయటికి కనిపిస్తోంది, దాన్ని పట్టుకున్న చెయ్యి కనిపిస్తోంది, ఇంకేమీ కనిపించడం లేదు.

చేతులతో తవ్వి తీశారు. వాన కురుస్తూనే ఉంది. శవాల మీద కప్పడానికి టార్పాలిన్ అడిగితే, తీస్తే సిమెంటు తడిసిపోతుందన్నాడు కాంట్రాక్టరు. అల్లుడు భార్యను ఒళ్లో పెట్టుకుని, వాన మొహం మీద పడకుండా తను వంగి కూర్చున్నాడు. చెల్లెమ్మా, దీనికి నీళ్లు పడితే జలుబు చేస్తుంది అన్నాడు చిన్నమేస్త్రితో.

మూడో రోజున ఇన్‌స్పెక్టరూ ఆఫీసరూ వచ్చారు. వాళ్ల వీధిలోనే బల్ల వేయించి, దాని మీద సిమెంటు పెళ్ల ఒకటి పెట్టించారు. ఆడపడుచు ఛాతీ మీద పడ్డ పెళ్ల అది. అడుగున ఒక వేలిగుర్తు ఉంది. పెళ్ల బల్ల మీదికి రాకముందే, జవాను చేతుల్లో ఉండగానే, అది తనదని చిన్నమేస్త్రికి తెలిసిపోయింది.

నాణ్యత లేని పని వల్ల ముగ్గురు చనిపోయారనీ, కాగితం ప్రకారం పూచీ భాగస్వాములదేననీ, పనివాళ్లే గుర్తు పెట్టుకున్నారు కాబట్టి వెతికే శ్రమ కూడా లేదనీ ఆఫీసరు చదివాడు. చదువుతున్నంతసేపూ కాగితం మీంచి కళ్లెత్తలేదు. ఇన్‌స్పెక్టరు అందర్నీ వరసలో నిలబెట్టాడు. ఒక్కొక్కరే వచ్చి వేలు పెట్టాలి. ఎవరి వేలు సరిపోతే వాళ్లే హంతకులు.

మొదట అల్లుణ్ణే పిలిచారు. పెళ్లాన్ని చంపిన పెళ్లలో వేలు పెట్టమన్నారు. అతను చెయ్యి వెనక్కి లాక్కుంటే ఇన్‌స్పెక్టరు మణికట్టు పట్టుకుని తానే నొక్కాడు. వేలు లావు, పట్టలేదు. నువ్వు బతికిపోయావు పో అన్నాడు. తర్వాత గుడ్డి మామ కర్ర తాటించుకుంటూ వచ్చి, అది నా వేలేనయ్యా అన్నాడు. ఈ సిమెంటు వేసేనాటికే నీకు కళ్లు లేవు కదరా ముసలోడా అని ఇన్‌స్పెక్టరు నవ్వాడు. కాంట్రాక్టరు కూడా నవ్వాడు.

చిన్నమేస్త్రి వరస దాటి వచ్చింది. వేలు పెట్టింది. గాటుతో సహా సరిపోయింది.

"నాదే. తప్పు కూడా నాదే, ఇది పట్టదని తెలిసీ వేశాను. రాసుకో. దాని కింద సిమెంటు తెచ్చినవాడి పేరు రాయి. గుంట పూడ్చినవాడి పేరు రాయి. అంతా తెలిసి గడియారం చూసుకున్నవాడి పేరు రాయి."

ఇన్‌స్పెక్టరు మొదటి మాట రాసుకుని కలం మూత పెట్టేశాడు.

స్టేషన్‌లో ఏ వేలు అని అడిగారు. చూపించింది. దాన్నే బల్ల మీద పెట్టించి లాఠీతో కొట్టారు. గోరు ఊడింది, ఎముక విరిగింది. ఇక దేని మీదా గుర్తు పెట్టలేవులే అన్నాడు ఇన్‌స్పెక్టరు. నొప్పికి కాదు, ఆ మాటకు ఏడ్చింది ఆమె. ఆడపడుచు పోయిన రోజు రాని ఏడుపంతా ఆ రోజే వచ్చింది.

స్టేషన్‌లో నాలుగో రోజు కాలేజీ అమ్మాయి అన్నం తెచ్చి, ఊచల్లోంచి ముద్దలు చేసి పెట్టింది. పెడుతూ సంగతులు చెప్పింది. ఆమెను తీసుకొచ్చిన మర్నాడే అల్లుడు గునపం పట్టుకుని, మంత్రిగారు రాకుండా మిగిలిపోయిన వేదిక మీదికి ఎక్కాడట. ఒక్కడే పగలగొట్టడం మొదలుపెట్టాడట. మధ్యాహ్నానికి నలభై ఇళ్లూ వచ్చాయట. కాలేజీ నుంచి పాతికమంది వచ్చారట. రాళ్లూ మట్టీ తోడి చూస్తే, అడుగున సున్నం ఇంకా తడిగా, వెన్నలా ఉందట.

"రుచి చూశాడా మామ?" అని అడిగింది చిన్నమేస్త్రి. సున్నం మాగిందో లేదో ఆయన నాలిక కొసన పెట్టుకుని చెబుతాడు.

"చూశాడు. ఇప్పుడే పనికొచ్చిందన్నాడు."

ఎనిమిదో రోజున ఆమెను కోర్టుకు తీసుకుపోతూ పోలీసు వ్యాను కోటగోడ పక్క దారిలో వచ్చి ఆగిపోయింది. ముందుకు పోవడానికి దారి లేదు. గోడ మీంచి ఒలిచిన సిమెంటు పెళ్లలు రోడ్డుకు అడ్డంగా నడుమెత్తున పోసి ఉన్నాయి. ఆమె కిటికీ జాలీకి మొహం ఆనించింది. పెద్దమేస్త్రి గోడ వెంట నడుస్తూ రెండు అరచేతులతో తడుముతున్నాడు. సిమెంటు తగిలినచోట ఆగి, ఇక్కడ అంటున్నాడు. వెంటనే అక్కడ ఉలి పడుతోంది. వెనకాల ఒలిచినంత మేరా కొత్త గచ్చు, తడిగా, తెల్లగా. పరంజా కింద ఆడవాళ్లు సున్నం దంచుతున్నారు. కాలేజీ పిల్లలు తట్టలు అందిస్తున్నారు. గోడకు అటూ ఇటూ లాఠీలతో పోలీసులు.

ఇన్‌స్పెక్టరు వ్యాను దిగాడు. అనుమతి లేకుండా ప్రాచీన కట్టడం మీద చెయ్యి వేసింది ఎవరని అరిచాడు. ఉలి చప్పుడు ఆగింది. అల్లుడు పరంజా దిగి, చేతులు కడుక్కోకుండానే అతని ముందుకొచ్చి నిలబడ్డాడు.

"వేలు చూసి పట్టుకుంటారుగా సార్. అదిగో గోడ, చూసుకోండి."

గచ్చు అడుగున ఈ చివర నుంచి ఆ చివర దాకా వేళ్లే. నలభై ఇళ్లవీ, కాలేజీ పిల్లలవీ, మొదటి రోజు మీట మీంచి చెయ్యి తీసేసిన లారీ డ్రైవరుదీ. ఒకదాని పక్కన ఒకటి, సందు లేకుండా. ఇన్‌స్పెక్టరు ఆ వరస కొంత దూరం చూశాడు. తర్వాత లాఠీలు ఎత్తమన్నాడు.

కొట్టారు. అల్లుడి తల పగిలింది. కాలేజీ అమ్మాయిని జుట్టు పట్టుకుని ఈడ్చారు. పడ్డవాళ్లు లేచి మళ్లీ గోడకే వీపు ఆనించి నిలబడ్డారు, తడి గచ్చుకు దెబ్బ తగలకుండా. ఎవరూ పరుగెత్తలేదు. పెద్దమేస్త్రిని ఇద్దరు పోలీసులు చంకల కింద చేతులేసి లేవదీసి వ్యాను దగ్గరికి తెచ్చారు. లోపల కోడలు ఉందని ఆయనకెవరు చెప్పారో, మొహం ఇటు తిప్పాడు. ఆయన కంఠం ఎప్పుడూ పని దగ్గర ఎలా ఉంటుందో అలాగే ఉంది.

"చిన్నమేస్త్రీ, నాకు కనపడదు. మట్టంగా వేశారా వీళ్లు?"

ఆమె విరిగిన వేలిని రెండో చేత్తో పట్టుకుని, జాలీలోంచి గోడ పొడుగునా ఆ చివర దాకా చూసింది. తొందర పడకుండా చూసింది.

"కింది వరసలో రెండుచోట్ల ఎత్తుపల్లాలున్నాయి మామా. వచ్చి సరిచేస్తాను. అప్పటిదాకా తడి ఆరనివ్వొద్దని చెప్పు."