ఆలుగడ్డ వేపుడు, ఆ తర్వాత మ్యాచ్

యముడు తీరిగ్గా కూర్చుని రాసినట్టుంది ఆ మెనూ కార్డు.

నాచారంలో మా అమ్మాయి సిరి ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడబోయే గ్రౌండుకు ఎదురుగా, ఫ్యాక్టరీల నడుమ, కొత్తగా బెల్జియం తిండి పెట్టే హోటలొకటి వెలిసింది. బ్రాసరీ అట. మ్యాచ్‌కు ఇంకాస్త టైముంది, అక్కడే ఏదో ఒకటి గబగబా తినేద్దామన్నాడు మా నాయిన భూషణం. సరేనని ఆటో దిగి లోపలికి తీసుకెళ్లాను. నా బుద్ధి గడ్డి తిన్నది.

నాయినకు రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు ఉప్పల్‌లో డయాలసిస్. నీళ్లు కొలిచి తాగాలి. టమాటా వద్దు, జున్ను వద్దు, ఆలుగడ్డ అసలే వద్దు. ఒంట్లో పొటాషియం పెరిగితే గుండె చెప్పకుండా ఆగిపోతుందని అక్కడి నర్సు చెప్పినప్పటి నుంచీ కూరగాయల బండి కనిపించినా నాకు దడే.

కార్డులో ఆల్చిప్పలున్నాయి, గిన్నెడు రసంలో. మీగడలో ఉడికించిన కోడి ఉంది. రొయ్యలు కూరిన టమాటా, చాక్లెట్ పోసిన వాఫిల్. తొందరగా అయ్యేదేదని అడిగితే, ఆలుగడ్డ వేపుడన్నాడు వెయిటర్. వాడి నోట్లో మన్నుపడ. ఒట్టి బ్రెడ్డూ ఓ కోడిముక్కా తెప్పిస్తానన్నాను. నాయిన పక్క టేబుల్ మీది కాగితప్పొట్లం వైపు వేలు చూపించాడు. బంగారు రంగులో, వేలెడంత పొడుగు ముక్కలు.

వద్దన్నాను. బతిమాలాను. ఆయన కోప్పడలేదు. అందుకే నాకు భయం వేసింది.

"రేపు నేను దవాఖానకు రాను బిడ్డా. సూదులు పొడిపిచ్చుకునుడు ఇగ నాతోని గాదు. సిరి గోలు కాసుడు ఒక్కసారి సూడాలెనని ఇన్ని దినాలు ఓపిక వట్టిన. ఇయాల సూస్త. ఇగ నన్ను తిననియ్యి."

ఒకప్పుడు లాలాగూడ రైల్వే వర్క్‌షాప్ టీముకు గోల్‌కీపర్ మా నాయిన. సిరికి చేతులకు గ్లౌజులు తొడిగి, మా సందులో రెండు ఇటుకలు పెట్టి నేర్పింది ఆయనే. ఇన్నాళ్లూ టీములో పెద్దపిల్ల గౌతమి గోలు కాసేది. ఇవాళే సిరికి మొదటి మ్యాచ్.

మరి నా సంగతేమిటని అడిగాను. నీకు మొగుడున్నాడు, పిల్ల ఉంది, ఫికర్ చెయ్యకన్నాడు. నాకు మా నాయిన కావాలి. నలభైకి దగ్గరపడ్డదాన్నే, అయినా కావాలి. ఆ మాట అక్కడ నలుగురి మధ్య నోరు పెగిలి అనలేకపోయాను.

లేచి వంటింట్లోకి వెళ్లాను. ముక్కల్ని గిన్నెడు నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, ఉప్పు లేకుండా వేయించమని వంటాయన పాండురంగను వేడుకున్నాను. అలా చేస్తే పొటాషియం కొంత పోతుందని దవాఖానలో చెప్పారు. ఆయన నా ముఖం చూసి పొయ్యి మీద నీళ్లు ఎక్కించాడు.

ఈ పూట గండం కొంత తగ్గింది. మరి రేపు?

వెనక గుమ్మంలోంచి గ్రౌండు కనిపిస్తోంది. పచ్చ చొక్కాల పిల్లల్లో సిరి గంతులేస్తోంది. నాయిన ఓపిక పట్టింది దాని ఆట చూడాలని. చూసేస్తే ఆ ఓపిక తీరిపోతుంది. చూడకపోతే?

రోడ్డు దాటి పరుగెత్తాను. సిరిని పక్కకు పిలిచి, మోకాలు నొస్తోందని కోచ్ మేడమ్‌కు చెప్పమన్నాను. అది ముందు నవ్వింది. తాత కోసమని చెప్పాను. అంతకు మించి పన్నెండేళ్ల పిల్లకు ఏమని చెప్పను?

"నన్ను ఆడుమన్నది తాతనే గదమ్మా," అంది సిరి.

 అది నా ముఖంలోకి చూసి గ్లౌజులు విప్పింది.

తిరిగొచ్చేసరికి నాయిన ముక్క కొరికి, ఉడకబెట్టించినవు గదా, సప్పగున్నదన్నాడు. అయినా పొట్లం ఖాళీ చేశాడు.

ఆయన్ను రోడ్డు దాటించి గ్రౌండుకు తీసుకెళ్లేసరికి మ్యాచ్ మొదలైంది. గోలు ముందు గౌతమి నిలబడింది. నాయిన నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గ్రౌండంతా వెతికాడు. సిరి గీత బయట బెంచీ మీద, జాకెట్ జిప్ మెడదాకా లాక్కుని కూర్చుని ఉంది. ఆయన ఎలాగో వంగి దాని మోకాలు పట్టుకుని, నొప్పి ఇక్కడా అని నొక్కాడు. ఇంకొంచెం కింద తాతా, అంది సిరి. 

ఐసు పెడితే వచ్చే ఆదివారం మ్యాచ్‌లోపు తగ్గుతుందని చెప్పి, ఆయన మా ఇద్దరి మధ్యా కూర్చున్నాడు. చాలాసేపు బంతినే చూశాడు. తర్వాత నా వైపు తిరక్కుండానే అడిగాడు.

"రేపు దవాఖానకు ఎన్నిటికి వోవాలె?"

ఆరింటికని చెప్పాను.  ఆయన తలూపి, ఆదివారం దాకా ఉండాలె గదా, అన్నాడు.

నాకు ఊపిరి తిరిగొచ్చింది. ఏడుపూ వచ్చింది. లేచి వెళ్లి సిరి భుజం మీద చెయ్యి వేశాను. అది పక్కకు జరిగింది. తాతకు వినపడకుండా, నన్ను చూడకుండా అడిగింది.

"వచ్చే ఆదివారం గూడ నొస్తదా అమ్మా?"