పాలతో వేసిన మాత్ర

మినప్పప్పు కడుగుతుంటే హిమశ్రీకి ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. కరోనా రెండో వేవ్ తగ్గి ల్యాబ్ మళ్ళీ తెరిచారు. రేపంతా మైక్రోస్కోపు ఆమెదే, వస్తుందో రాదో సాయంత్రంలోగా చెప్పాలి. వెళ్ళకపోతే, మూసినన్నాళ్ళూ ల్యాబ్‌వాళ్ళు కాపాడుకొచ్చిన ఆమె నాడీకణాలు చచ్చిపోతాయి. మళ్ళీ పెంచేసరికి పీహెచ్‌డీ గడువు దాటిపోతుంది.

"ఎలా వెళ్తావు? అమ్మనెవరు చూస్తారు?" అన్నాడు భర్త మురళీకృష్ణ, ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండా. "అయినా నువ్వు చదివేది పార్కిన్సన్స్ గురించేగా. పేషెంటు ఇంట్లోనే ఉంది." పైగా నవ్వొకటి. ఆదివారం లోచో టిఫిన్ బండి దగ్గర గుంపులో నిలబడితే అతనికి అంటని కరోనా, ఆమె ల్యాబ్‌కి వెళ్తే మాత్రం ఇంటిల్లిపాదికీ అంటుకుంటుందట.

"పోనీ మాత్రలు నేను వేద్దామన్నా, ఆ రోజేమైందో చూశావుగా."

చూడకేం! ఆ మాత్ర తిండికి అరగంట ముందు వేయాలి. అతనేమో గ్లాసుడు పాలిచ్చి వేశాడు. మందు సరిగా ఎక్కక, అత్తగారు ఉషాదేవి వంటింటి గడప దగ్గర కాలు కదపలేక నిలబడిపోయింది. అంతే, ఆ రోజు నుంచి అయ్యగారికి శాశ్వత సెలవు. ల్యాబ్‌లో హిమశ్రీ కణాలు పెంచే ప్లేటు ఒకటి పాడుచేస్తే మర్నాడు ఇంకో నాలుగు చేయిస్తారు. ఇంట్లో మగవాడు ఒక్క పని చెడగొడితే చాలు, ఇక జన్మలో ఎవరూ చెప్పరు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. చేతులు తుడుచుకుని అత్తగారికి జడ వేయడానికి వెళ్ళింది.

"రేపు చూడాల్సిందేమిటే?" అడిగింది ఉషాదేవి. మాటలన్నీ వినే ఉంటుంది.

"మన కణాలకి శక్తినిచ్చే మైటోకాండ్రియా అని ఉంటాయత్తయ్యా. అవి ఊరికే కూర్చోవు, కలుస్తుంటాయి, విడిపోతుంటాయి. అలిసిపోయింది బాగున్నదానితో కలిసి తేరుకుంటుంది. మరీ పాడైపోయినదాన్ని విడగొట్టి, కణమే శుభ్రం చేసుకుంటుంది. ఈ కలవడం, విడిపోవడం గాడి తప్పితే నాడీకణం నీరసించిపోతుంది. మీ వణుకులో దాని పాత్ర ఎంతో తెలుసుకోవాలని."

"తెలిస్తే నాకు తగ్గుతుందా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "మీకు తగ్గకపోవచ్చు. ముందు ముందు ఎవరికో."

ఉషాదేవి వణికే కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కొడుకుని పిలిచింది. అతను చెవుల్లో ఇయర్‌ఫోన్లతోనే వచ్చాడు.

"రేపు నా మాత్రలు నువ్వే వెయ్యి. అన్నం కూడా నువ్వే పెట్టు."

"అమ్మా, మళ్ళీ తప్పు జరిగితే?"

"జరిగితే బిగుసుకుపోయేది నేనే కదరా. నాకు లేని భయం నీకెందుకు? ఒకటికి రెండుసార్లు తప్పు చేస్తే నీకే వస్తుంది. నీ పెళ్ళానికీ అలాగే వచ్చింది, పుట్టుకతో ఏం రాలేదు."

మురళీకృష్ణ హిమశ్రీ వైపు చూశాడు, 'వద్దులెండి, నేను చూసుకుంటాను' అంటుందని.

ఆమె ఫోన్ తీసి, రేపు వస్తున్నానని ల్యాబ్‌కి చెప్పింది.