ఆయుధపూజ మరుసటి పొద్దున

నల్లమ్మను గోవా బస్సెక్కించడానికి తాడిపత్రిలో ట్రావెల్స్ ఆఫీసుదాకా వచ్చినాను. నలభై ఏళ్లు పక్కపక్కన కూర్చొని శనక్కాయలు వొలిచినవాళ్లం. ఇంక ఆమె గోవాలోనే, కూతురి టిఫిన్ బండి దగ్గర ఉండిపోతుందట. నేను సాగనంపినవాళ్లెవరూ మళ్లీ రాలేదు. బస్సంటేనే నాకు పడదు.

ఆ పొద్దున బస్సు కదల్లేదు. సీట్ల పట్టిక కంప్యూటర్‌లోనే ఇరుక్కుపోయింది. "పదిగంటల్లోపల పట్టిక రాకుంటే బస్సు రద్దు," అన్నాడు ఓనరు దివాకర్. నాకు లోపల పండగ.

"నవ్వుతాండావేమే గంగక్కా?" అంది నల్లమ్మ.

"నవ్వలేదు, పండ్లు నొస్తాండాయి."

కంప్యూటర్ చూసే సుష్మితకు చెమటలు పట్టినాయి. "సర్వరు నడుస్తానే ఉండాదన్నా. టికెట్ల ప్రోగ్రామే సాకెట్టు దొరకలేదంటాంది."

"అదేందమ్మా?" అన్నాను.

"తలుపు లాంటి ఫైలు, అవ్వా. టికెట్ల ప్రోగ్రాం దాంట్లోంచే సర్వరులోకి పోయి సీట్ల లెక్క తెస్తాది. నిన్న పూజకని చెత్త ఫోల్డరు ఊడ్చినా. ఈ తలుపు ఫైలు ఆ చెత్తలో ఎందుకని సర్వరు సెట్టింగులో వేరే చోటు రాసినా. పూజ అయినాంక మిషను ముట్టుకోకూడదు గదా, నడిపి చూడలే."

"మిషనుకు బొట్టు పెట్టినావు గానీ బుద్ధి పెట్టలే," అన్నాడు దివాకర్.

నేను బస్సు బోర్డులు చూసి చదువు నేర్చుకున్నదాన్ని. ఒక్క అక్షరం తప్పితే వేరే ఊళ్లో దిగుతామని భయం. అందుకే ఏదైనా రెండుసార్లు చదువుతాను. తెర మీద ఒకపక్క సర్వరు సెట్టింగు, ఇంకోపక్క ప్రోగ్రాం చూపిస్తున్న తప్పు. రెండిట్లోనూ తలుపు చిరునామా ఉంది. అర్థం తెలీదు గానీ ఆ ఇంగ్లీషు అక్షరాలు ఒకదానితో ఒకటి కలవలేదు.

తొమ్మిదీ యాభై. నోరు మూసుకుంటే నల్లమ్మ ఈ రోజుకు నాది. ఆమేమో కొత్త చెప్పులేసుకొని, సముద్రం ఎంత ఉంటుందో పక్కామెకు చేతులు చాపి చూపిస్తా ఉంది.

"సుష్మితా, ఈ రెండు బోర్డులూ ఒకే ఊరివి కావమ్మా."

సుష్మిత చూసి తల కొట్టుకుంది. "సర్వరు కొత్త చోట తలుపు తెరిచింది, ప్రోగ్రాం పాత చోటే తడతాంది." ప్రోగ్రాం సెట్టింగులో ఒక్క వరస మార్చింది. ప్రింటరు గరగరమంది.

"అవ్వా, ఏం కావాల్నో అడుగు," అన్నాడు దివాకర్.

పట్టిక రెండుసార్లు చదివినాను. "నల్లమ్మ పక్కన సీటు ఖాళీగా ఉండాదప్పా."

"గుడ్డలు యాడివి నీకు?" అంది నల్లమ్మ.

"నీవి ఉండాయి గదా. ఆ సముద్రమేందో చూసి వచ్చేస్తా."

బస్సు కదిలింది. కింద నిలబడి చెయ్యి ఊపింది సుష్మిత. ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకున్నాను, అయినా నవ్వు ఆగలేదు.